ప్రసవ నిర్ణయాధికారం, మిడ్‌వైఫరీ చట్టాలు (బెంగళూరు, కర్ణాటక)

నిర్వచనం, పరిధి

కాన్పు ఎక్కడ జరగాలి, ఎవరి చేతుల మీద జరగాలి, నొప్పుల వేళ పక్కన ఎవరుండాలి, ఏ భంగిమలో కనాలి, కోతకు ఒప్పుకోవాలా వద్దా అనే ప్రశ్నలకు జవాబు చెప్పే హక్కును ప్రసవ నిర్ణయాధికారం అంటారు. అందులో స్త్రీకి ఎంత, వైద్యుడికి ఎంత, కుటుంబానికి ఎంత అన్నది చట్టాలు, కోర్టు తీర్పులు, ప్రభుత్వ ఉత్తర్వులు కలిసి తేలుస్తాయి.

దీనికి ఆనుకుని ఉన్న వృత్తి మిడ్‌వైఫరీ. చిక్కుల్లేని గర్భాన్ని, కాన్పును, బాలింత రోజులను, పసికందు తొలి వారాలను శిక్షణ పొందిన మనిషి సొంత బాధ్యత మీద చూసుకోవడం, తేడా కనబడగానే ప్రసూతి వైద్యులకు అప్పగించడం ఈ వృత్తి సారం. ఊళ్లలో తరతరాలుగా పురుళ్లు పోసిన మంత్రసాని వేరు, చదువుకుని రిజిస్టరులో పేరు నమోదైన మిడ్‌వైఫ్ వేరు. ఈ వ్యాసంలో రెండు మాటలనూ ఆ తేడాతోనే వాడాం.

ఈ రెండు విషయాలనూ కలిపి చూసే చట్టం భారతదేశంలో ఒక్కటీ లేదు. నర్సింగ్ చట్టాల్లో కొంత, గర్భస్రావ చట్టంలో కొంత, ప్రసూతి సెలవు చట్టంలో కొంత, ప్రైవేటు ఆసుపత్రుల నియంత్రణ చట్టంలో కొంత, జనన నమోదు చట్టంలో ఒకటి రెండు వాక్యాలు దొరుకుతాయి. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తేలుతుంది. కాన్పు ఎక్కడ జరగాలన్న దాని మీద ప్రభుత్వాలు పెట్టిన శ్రద్ధ, ఎవరు చేయాలి, ఎవరు నిర్ణయించాలి అన్న వాటి మీద చాలా కాలం పెట్టలేదు.

చరిత్ర: రెండు ప్రభుత్వాల నగరం

స్వాతంత్ర్యానికి ముందు బెంగళూరులో రెండు పాలనలు నడిచేవి. పేట వైపు మైసూరు మహారాజుది, కంటోన్మెంటు వైపు బ్రిటిష్ వారిది. ఆసుపత్రులూ అలాగే విడిపోయాయి. కంటోన్మెంటులో బౌరింగ్, లేడీ కర్జన్ ఆసుపత్రులు వెలిశాయి. పేట వైపు, కోటకు దగ్గరలో, స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేకంగా వాణీవిలాస్ ఆసుపత్రి 1935లో మొదలైంది. 1895 నుంచి 1902 వరకు కుమారుడి తరఫున రాజ్యం నడిపిన మహారాణి కెంపనంజమ్మణ్ణి వాణీవిలాస సన్నిధానం పేరు దానికి పెట్టారు. సంతానం విషయంలో మైసూరు సంస్థానం తన కాలం కంటే ముందే నడిచింది. 1930లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో సంతాన నిరోధక క్లినిక్‌లు తెరవడానికి ఉత్తర్వు ఇచ్చింది. ప్రభుత్వమే ఇలాంటి క్లినిక్‌లు నడపడం ప్రపంచంలోనే ఇది మొదటిసారని చెబుతారు.

వృత్తి నియంత్రణ మాత్రం మద్రాసు నుంచి వచ్చింది. ఇంగ్లండు 1902లో మిడ్‌వైఫ్‌ల చట్టం చేసి, నమోదు లేనివారు ఆ పేరు పెట్టుకోకుండా కట్టడి చేసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1926లో నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు, అప్పటికి మద్రాసులోనే ఉన్న బళ్లారి దాని కిందికే వచ్చాయి. అంతకు ముందు 1903లో లేడీ కర్జన్ చొరవతో ఏర్పడిన విక్టోరియా స్మారక నిధి మంత్రసానులకు శిక్షణ ఇప్పించే పని మొదలుపెట్టింది. ఆ శిక్షణ పొందినవారు చదువుకున్న మిడ్‌వైఫ్‌లకు సమానం కాలేదు, పూర్తిగా బయటివారూ కాలేదు. ఆ అస్పష్టత వందేళ్లు కొనసాగింది.

1947లో వచ్చిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం నర్సులు, మిడ్‌వైఫ్‌లు, హెల్త్ విజిటర్ల శిక్షణకు దేశమంతటా ఒకే ప్రమాణం తెచ్చింది. భాషాప్రయుక్త రాష్ట్రం ఏర్పడ్డాక మైసూరు 1961లో తన నర్సులు, మిడ్‌వైఫ్‌లు, హెల్త్ విజిటర్ల చట్టం చేసుకుంది. అదే తర్వాత కర్ణాటక చట్టమైంది, దాని కింద రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నడిచింది. 1947 నాటిది తప్ప ఈ చట్టాలన్నిటి పేర్లలోనూ మిడ్‌వైఫ్ అన్న మాట ఉంది. డిప్లొమా చేసే నర్సు చదివేది కూడా జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీయే. చదువు పూర్తయితే నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రెండు విధాలా నమోదవుతుంది. ఉద్యోగంలో చేరాక ఆమెకు దొరికేది స్టాఫ్ నర్సు పోస్టు. ఈ నెల కాన్పుల గది, వచ్చే నెల ఆపరేషన్ థియేటర్, ఆ తర్వాత పిల్లల వార్డు. మిడ్‌వైఫ్ అనే పోస్టు, దానికో జీతపు స్కేలు, పదోన్నతి వరుస ప్రభుత్వ ఆసుపత్రుల్లో లేకుండానే దశాబ్దాలు గడిచాయి.

ఊళ్లలో పనిచేసే ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్ (ఏఎన్ఎం) కథ ఇంకోలా మలుపు తిరిగింది. మొదట్లో ఆమె ముఖ్యమైన పని కాన్పులు చేయడమే. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఆమెను బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్తగా మార్చాలని చెప్పింది. టీకాలు, కుటుంబ నియంత్రణ లక్ష్యాలు, రిజిస్టర్లు నెత్తిన పడ్డాయి. కాన్పు చేసే చెయ్యి క్రమంగా అలవాటు తప్పింది.

సంప్రదాయ మంత్రసానులు: సూలగిత్తి నరసమ్మ

చట్టాలకు అందకుండా సాగిన పెద్ద సేవకు పేరు పెట్టి చెప్పదగిన ఉదాహరణ సూలగిత్తి నరసమ్మ (1920–2018). తుమకూరు జిల్లా పావగడ తాలూకా ఆంధ్ర సరిహద్దులోకి చొచ్చుకుపోయిన ప్రాంతం, అక్కడ తెలుగు ఇంటి భాష. నరసమ్మ పుట్టింది తెలుగు మాట్లాడే సంచార కుటుంబంలో. బడి మొహం చూడలేదు, చిన్న వయసులోనే పెళ్లయింది, పన్నెండు మంది పిల్లల్ని కంది. వాళ్లలో కొందరిని పురుడు పోసింది ఆమె అవ్వ మరిగెమ్మే. ఆ అవ్వ దగ్గరే పని నేర్చుకుంది. ఇరవై ఏళ్ల వయసులో పిన్ని వరుసయ్యే బంధువుకు పురుడు పోయడంతో మొదలుపెట్టి, డెబ్భై ఏళ్లలో పదిహేను వేలకు పైగా కాన్పులు చేసిందని లెక్క. డబ్బు తీసుకోలేదు. కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో, ఎలా తిరిగిందో చెప్పగలదని ఆ చుట్టుపక్కల పేరు. తుమకూరు విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, కేంద్రం 2018లో పద్మశ్రీ ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరు 25న బెంగళూరులోని ఒక ఆసుపత్రిలో కన్నుమూసింది.

రాష్ట్రపతి భవన్‌లో పతకం అందుకున్న ఈ మనిషికి ఏ నర్సింగ్ రిజిస్టరులోనూ పేరు లేదు. మంత్రసానులకు ప్రభుత్వ శిక్షణ 2000ల తర్వాత దాదాపు ఆగిపోయింది. వాళ్లను ఆశా కార్యకర్తలకు తోడుగా తీసుకోవాలన్న ప్రతిపాదనలు అక్కడక్కడా వినిపించినా, కాన్పు చేసే అర్హత మాత్రం వైద్యులు, నర్సులు, ఏఎన్ఎంల వంటి నైపుణ్యం గల సిబ్బందికే పరిమితమైంది. పావగడలో నరసమ్మ దగ్గర పని నేర్చుకున్న ఆడవాళ్లు ఉన్నారు. చట్టం దృష్టిలో వాళ్లు ఎవరూ కారు.

ఆసుపత్రి కాన్పు విధానం

2005 ఏప్రిల్‌లో మొదలైన జననీ సురక్షా యోజన ఆసుపత్రిలో కాన్పు అయిన పేద తల్లికి నగదు ఇచ్చింది. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ లాంటి రాష్ట్రాల్లో ఊళ్లో రూ. 700, పట్టణంలో రూ. 600. ఇంట్లో కాన్పైనా దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న తల్లికి రూ. 500 ఇవ్వాలన్న నిబంధన కూడా అందులోనే ఉంది, అది చాలామందికి తెలియదు. 2011 జూన్‌లో జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పును, సిజేరియన్‌తో సహా, పూర్తిగా ఉచితం చేసింది. మందులు, రక్తం, పరీక్షలు, మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు భోజనం, ఇంటికి చేర్చే వాహనం అన్నీ అందులోనే. కర్ణాటక తన వంతుగా తాయి భాగ్య, మడిలు వంటి పథకాలు పెట్టింది.

ఫలితం కళ్ల ముందు ఉంది. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. తెలంగాణలోనూ 97 శాతమే, ఆంధ్రప్రదేశ్‌లో 96.5, దేశం మొత్తంలో 88.6. ప్రాణనష్టం తగ్గింది. 2018–20 నమూనా నమోదు లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97, కర్ణాటకలో 69, ఆంధ్రలో 45, తెలంగాణలో 43. దక్షిణాదిలో కర్ణాటక వెనకబడి ఉందన్న విమర్శ ఈ అంకెల నుంచి వచ్చిందే. ఆసుపత్రికి చేరడంలో తెలంగాణతో సమానంగా ఉన్న రాష్ట్రం తల్లుల ప్రాణాలు నిలపడంలో అంత దూరం ఉండడం, చేరాక ఏం జరుగుతోందన్న ప్రశ్నను ముందుకు తెచ్చింది.

సిజేరియన్ల పెరుగుదల

అదే సర్వేలో దేశంలోని కాన్పుల్లో సిజేరియన్లు 21.5 శాతం. కర్ణాటకలో 31.5, అంతకు ముందు సర్వేలో 23.6. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. ప్రైవేటు ఆసుపత్రుల్లో కర్ణాటకది 52.5, ఆంధ్రది 63, తెలంగాణది 81.5 శాతం. ఏ ప్రాంతంలోనూ 10–15 శాతానికి మించడానికి కారణం కనబడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో అంది. 2015లో ఆ మాటను సవరించుకుని, ఒక అంకెను అందుకోవడం ముఖ్యం కాదు, అవసరమైన ప్రతి స్త్రీకీ ఆపరేషన్ అందడం ముఖ్యం అని చెప్పింది. అవసరం లేనివారికి జరుగుతున్నవి ఎన్ని అన్న లెక్క ఏ ఆసుపత్రీ బయటపెట్టదు.

కారణాలు ఒక్కచోట లేవు. పద్నాలుగు గంటల నొప్పుల పక్కన కూర్చునే మనిషి లేకపోవడం, రాత్రిపూట మత్తు డాక్టరు దొరకకపోవడం, బిడ్డకు ఏమైనా అయితే కేసు పడుతుందన్న భయం, ప్యాకేజీల ధరలు, మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ అదేనన్న ఆనవాయితీ. తెలుగు నేల మీద ఇంకొకటి అదనం, ముహూర్తం. పంచాంగం చూసి గంట, నిమిషం రాసుకొచ్చే కుటుంబాల గురించి తెలంగాణ ఆరోగ్య మంత్రిగా ఉన్నప్పుడు టి. హరీశ్‌రావు బహిరంగంగానే మాట్లాడారు. బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ అలవాటు కొత్త కాదు. ఇక్కడ నిర్ణయాధికారం అన్న మాటను జాగ్రత్తగా వాడాలి. ముహూర్తపు కోత గర్భిణి కోరిందా, అత్తగారు కోరిందా అన్నది కాగితం మీద తెలియదు.

చట్టపరంగా దీన్ని అదుపు చేసే ప్రయత్నాలు చిన్నవే. ముంబయికి చెందిన ఒక మహిళ నడిపిన ఆన్‌లైన్ ఉద్యమం తర్వాత 2017లో కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం తన జాబితాలోని ఆసుపత్రులు సిజేరియన్, మామూలు కాన్పుల నిష్పత్తిని ముందు హాల్లో ప్రదర్శించాలని ఆదేశించింది. దేశమంతటికీ మార్గదర్శకాలు కావాలన్న ఒక వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2018లో ఖర్చులు వేసి మరీ కొట్టేసింది.

సమ్మతి: సంతకం ఎవరిది?

రాజ్యాంగ పునాది 21వ అధికరణం. సుచితా శ్రీవాస్తవ కేసులో 2009లో సుప్రీంకోర్టు సంతానం విషయంలో స్త్రీ చేసుకునే ఎంపిక వ్యక్తి స్వేచ్ఛలో భాగమని తేల్చింది. ఆ మాటను తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న గోప్యత తీర్పులో మళ్లీ బలపరిచింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి, బెంగళూరువాసి. ఆధార్‌ను సవాలు చేసిన కేసు ఇలా కాన్పుల గది దాకా వచ్చింది. పేద గర్భిణులకు వైద్యం నిరాకరించిన ఉదంతాల్లో ఢిల్లీ హైకోర్టు 2010లో లక్ష్మీ మండల్ కేసులో ప్రసూతి సేవ ప్రాణహక్కులో భాగమని చెప్పింది.

గర్భస్రావ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 1971 చట్టం ప్రకారం, 18 ఏళ్లు నిండిన స్త్రీ ఒక్కతే సమ్మతి ఇస్తే చాలు, భర్త సంతకం అక్కర్లేదు. 2021 సవరణ కొన్ని వర్గాలకు గడువును 24 వారాలకు పెంచింది. పెళ్లికాని స్త్రీలకూ అది వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది.

కాన్పు దగ్గరికి వచ్చేసరికి ఆ స్పష్టత పోతుంది. వైద్యుల నైతిక నియమావళి (2002) ఆపరేషన్‌కు ముందు భర్త లేదా భార్య నుంచో, మైనరైతే తల్లిదండ్రుల నుంచో, లేదా రోగి నుంచో లిఖిత సమ్మతి తీసుకోవాలంటుంది. వరుసలో రోగి చివర వచ్చింది. దాని స్థానంలో 2023 ఆగస్టులో తెచ్చిన కొత్త నియమావళిని నెల తిరక్కుండానే నిలిపేయడంతో పాతదే నిలిచింది. సుప్రీంకోర్టు మాత్రం 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో వేరేలా చెప్పింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి, బయట కూర్చున్న తల్లి ఒప్పుకున్నారని గర్భసంచి, అండాశయాలు తీసేయడం చెల్లదని, ప్రాణం మీదికి వస్తే తప్ప స్పృహ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలని తీర్పు. ఇరవై నాలుగు గంటలూ కాన్పులు జరిగే ఆసుపత్రిలో వాడుక ఎలా ఉంటుందంటే, చేర్చుకునేటప్పుడే భర్తో మామగారో ఒక ఫారం మీద సంతకం పెడతారు. సిజేరియన్, రక్తమార్పిడి, అవసరమైతే గర్భసంచి తొలగింపు అన్నీ ఆ ఒక్క పేజీలో ఇంగ్లీషులో ఉంటాయి. బిడ్డ తల బయటికి వచ్చే దారిని కత్తిరించి కుట్లు వేయడానికి విడిగా అడగడం అరుదు. మామూలుగా అందరికీ ఆ కోత పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫార్సుల్లో ఉంది.

తోడు మనిషి విషయంలో కేంద్రం 2016 ఫిబ్రవరిలో రాష్ట్రాలకు రాసింది. ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుల గదిలో గర్భిణితో ఒక స్త్రీ బంధువును, వీలైతే తానూ కన్న అనుభవం ఉన్నవారిని, ఉండనివ్వాలి. గదిలో మరుగు ఉన్నచోట భర్తనూ అనుమతించవచ్చు. 2017 డిసెంబరులో వచ్చిన లక్ష్య కార్యక్రమం దీన్ని, గౌరవంగా చూసుకోవడాన్ని, కాన్పుల గది నాణ్యతా కొలమానాల్లో చేర్చింది. ఇవి మార్గదర్శకాలు. ఉల్లంఘిస్తే శిక్ష లేదు. బ్రెజిల్‌లో తోడు మనిషి హక్కు 2005 నుంచి చట్టం.

2018 మార్గదర్శకాలు, హైదరాబాద్ నమూనా

ప్రభుత్వం మిడ్‌వైఫ్‌ను మళ్లీ విడి వృత్తిగా చూడడం 2018 డిసెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించిన మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలతో మొదలైంది. నర్సు అర్హత, అనుభవం ఉన్నవారికి పద్దెనిమిది నెలల శిక్షణ, ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ అన్న హోదా, ఆసుపత్రిలోనే మిడ్‌వైఫ్‌లు నడిపే విడి విభాగాలు అందులో ముఖ్యం. కాన్పు నర్సు చేతుల్లోనే ఉంటుంది. చిక్కు వస్తే పక్క విభాగంలోని ప్రసూతి వైద్యులకు అప్పగిస్తుంది.

ఈ పని అప్పటికే తెలుగు నేల మీద మొదలైంది. 1948లో హైదరాబాద్‌లో పుట్టిన ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో సొంతంగా మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ దానికి ముందు నిలిచారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి ప్రభుత్వ నర్సులకు శిక్షణ మొదలుపెట్టాయి. మొదటి బృందంలో ముప్పై మంది, కరీంనగర్ జిల్లా ఆసుపత్రి మొదటి వేదికల్లో ఒకటి. ఆ తర్వాత రెండు వందలకు పైగా మిడ్‌వైఫ్‌లను ప్రభుత్వ ఆసుపత్రుల్లో నియమించారు. ఫెర్నాండెజ్ దేశంలో తొలి జాతీయ మిడ్‌వైఫరీ శిక్షణ సంస్థగా గుర్తింపు పొందింది. మిడ్‌వైఫ్‌ల వృత్తి సంఘమైన సొసైటీ ఆఫ్ మిడ్‌వైవ్స్ ఇండియా కూడా హైదరాబాద్ కేంద్రంగానే ఎదిగింది. దేశంలో కోతలు అందరికంటే ఎక్కువున్న రాష్ట్రమే మిడ్‌వైఫ్‌లను అందరికంటే ముందు నియమించడం వైరుధ్యంలా కనిపించినా, అవసరం ఎక్కడ ఎక్కువో మందు అక్కడ ముందు పడిందనుకోవచ్చు.

ఇలాంటి విభాగంలో గది తీరు వేరుగా ఉంటుంది. కాళ్లు పైకి కట్టేసే ఇనప బల్ల బదులు నేల మీద పరుపు, పట్టుకుని వేలాడడానికి కట్టిన గుడ్డ, కూర్చుని ఊగడానికి పెద్ద రబ్బరు బంతి. గర్భిణి నడవచ్చు, నీళ్లు తాగవచ్చు, ఒరిగి పడుకుని కానీ గొంతుక్కూర్చుని కానీ కనవచ్చు. మిడ్‌వైఫ్ కొద్ది కొద్ది సేపటికి బిడ్డ గుండె చప్పుడు విని, నొప్పుల జోరు, ముఖద్వారం తెరుచుకోవడం గ్రాఫు మీద గుర్తిస్తుంది. గీత హద్దు దాటితే ప్రసూతి వైద్యులను పిలుస్తుంది. గొంతుక్కూర్చుని కనడం పావగడ నరసమ్మకు ఎవరూ నేర్పనక్కర్లేనిది.

2023 జాతీయ చట్టం

జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం 2023 జులైలో లోక్‌సభలో, ఆగస్టులో రాజ్యసభలో ఆమోదం పొంది, అదే నెలలో రాష్ట్రపతి సమ్మతి అందుకుంది. 1947 చట్టం స్థానంలో 29 మంది సభ్యుల కమిషన్‌ను, విద్య, మదింపు, నైతికత–నమోదు వ్యవహారాలకు మూడు స్వయంప్రతిపత్తి బోర్డులను ఇది ప్రతిపాదిస్తుంది. ప్రతి రాష్ట్రం ఏడాదిలోగా తన కమిషన్ ఏర్పాటు చేసుకోవాలి. దేశవ్యాప్త ఆన్‌లైన్ రిజిస్టరు ఉంటుంది. అందులో పేరు లేకుండా వృత్తి చేస్తే జైలు, జరిమానా.

పేరులో మిడ్‌వైఫరీ సమాన హోదాతో రావడం వృత్తి సంఘాలు చాలాకాలంగా అడుగుతున్నదే. ఆచరణలో మిడ్‌వైఫ్ ఏ మందు రాయవచ్చు, సొంత క్లినిక్ పెట్టవచ్చా, బీమా కంపెనీ ఆమె బిల్లు ఒప్పుకుంటుందా అన్నవి చట్టంలో తేలే సంగతులు కావు. నిబంధనలు, రాష్ట్రాల నియామక ఉత్తర్వులు తేల్చాలి. న్యూజిలాండ్ 1990లో ఒకే సవరణతో మిడ్‌వైఫ్ వైద్యుడి పర్యవేక్షణ లేకుండా గర్భిణిని ఆసాంతం చూసుకోవచ్చని, వైద్యుడితో సమానంగా ప్రభుత్వం నుంచి రుసుము పొందవచ్చని చేసింది. భారత చట్టం అంత దూరం వెళ్లలేదు.

బెంగళూరులో దొరికే సేవల రకాలు

ప్రభుత్వ వైపు వాణీవిలాస్, బౌరింగ్, మల్లేశ్వరంలోని కె.సి. జనరల్, జయనగర జనరల్, శివాజీనగర్ ఘోషా ఆసుపత్రి, నగరపాలక సంస్థ ప్రసూతి ఆసుపత్రులు ఉన్నాయి. చేరేవారిలో సరిహద్దు దాటి వచ్చే తెలుగువారూ ఉంటారు. మిషనరీ సంప్రదాయంలో సెయింట్ మార్తాస్ (1886) పాతది. ప్రైవేటు వైపు బెంగళూరులోనే పుట్టి ఇతర నగరాలకు పాకిన ప్రసూతి ఆసుపత్రుల గొలుసులు ఉన్నాయి, వాటిలో క్లౌడ్‌నైన్ ఒకటి. మిడ్‌వైఫ్‌లు నడిపే సేవ కోసం జాన్హవి నీలేకని స్థాపించిన ఆస్త్రికా సంస్థ నగరంలో ఒక కేంద్రం నడుపుతూ, నర్సులకు ఆన్‌లైన్ పాఠాలూ అందిస్తోంది. కొన్ని కార్పొరేట్ ఆసుపత్రులు జీతం మీద మిడ్‌వైఫ్‌లను పెట్టుకుంటున్నాయి, తుది మాట మాత్రం కన్సల్టెంటుదే. నొప్పుల్లో ధైర్యం చెప్పే డౌలాలు ఐటీ కుటుంబాల్లో ఆదరణ పొందారు. వాళ్లు వైద్యం చేయరు, వాళ్లకు చట్టమూ లేదు, రిజిస్టరూ లేదు.

డబ్బున్న వైట్‌ఫీల్డ్ గర్భిణికి మిడ్‌వైఫ్ ఒక ఎంపిక. నగరంలోని కట్టడాల మీద పనిచేసే వలస కూలికి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ ఎంపిక అంత తేలిగ్గా దొరకదు. చట్టం చూపు పడాల్సింది ఈ రెండో చోటే.

ఇంటి కాన్పు, జనన నమోదు

ఇంట్లో కనడం నేరమని ఏ చట్టమూ అనదు. 1969 జనన మరణాల నమోదు చట్టం ఇంటి కాన్పును మామూలు విషయంగానే తీసుకుంటుంది. ఇంటి పెద్ద 21 రోజుల్లో చెప్పాలి, కాన్పు చేసిన మిడ్‌వైఫ్ లేదా సహాయకురాలు కూడా రిజిస్ట్రారుకు తెలపాలి. అక్షరాలు రాని మంత్రసానికి కూడా చట్టం విధులు పెట్టింది, హక్కులు మాత్రం ఎక్కడా రాయలేదు. 2023 సవరణ తర్వాత, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడి, ఉద్యోగం, పాస్‌పోర్టు వంటి వాటికి జనన ధ్రువపత్రమే ఆధారం కావడంతో నమోదు బరువు పెరిగింది.

నేరం ఎక్కడ మొదలవుతుందంటే, ప్రాణం పోయినప్పుడు. 2018 జులైలో తమిళనాడులోని తిరుప్పూరులో వీడియోలు చూసి ఇంట్లో కాన్పు చేయబోగా తల్లి చనిపోయింది. భర్తను అరెస్టు చేశారు. యూరప్‌లో ఇదే ప్రశ్న హక్కుల కోర్టుకు రెండుసార్లు వెళ్లింది. 2010లో హంగరీ కేసులో ఇంట్లో కనే ఎంపిక వ్యక్తిగత జీవిత హక్కులో భాగమంది. 2016లో చెక్ రిపబ్లిక్ కేసులో, మిడ్‌వైఫ్‌ను ఇంటికి వెళ్లనివ్వకపోయినా హక్కు భంగం కాదంది.

ప్రసూతి సెలవు, పుట్టింటి కాన్పు

1961 ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో వచ్చిన సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో 26 వారాల సెలవు ఇచ్చింది. కాన్పుకు ముందు అందులో ఎనిమిది వారాలకు మించి వాడుకోకూడదు. యాభై మంది ఉన్న సంస్థ పిల్లల గది పెట్టాలి. యజమాని ఉచితంగా కాన్పు వైద్యం చేయించకపోతే రూ. 3,500 వైద్య బోనస్ ఇవ్వాలన్న నిబంధన ఐటీ కంపెనీల హెచ్ఆర్ విభాగాలకు తప్ప ఎవరికీ గుర్తుండదు. 2020 సామాజిక భద్రతా స్మృతి ఈ చట్టాన్ని తనలో కలుపుకుంది.

తెలుగు ఆడపిల్లకు తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆచారం. బెంగళూరులో ఉద్యోగం, ఏడో నెల సీమంతం, అక్కడి నుంచి అనంతపురమో తిరుపతో కరీంనగరో ప్రయాణం. ఆమె ఆరోగ్య రికార్డు కర్ణాటక తాయి కార్డులో ఉంటుంది, కాన్పు వేరే రాష్ట్రపు ఆసుపత్రిలో. తొమ్మిది నెలలు చూసిన డాక్టరు కాన్పు నాడు ఉండరు. మిడ్‌వైఫరీకి ప్రాణం లాంటి ఒకే మనిషి ఆసాంతం చూసుకోవడం అన్న సూత్రం ఈ ఆచారంతో నేరుగా ఢీకొంటుంది. 2018 మార్గదర్శకాలు ఈ వలసను లెక్కలోకి తీసుకోలేదు.

అమలు, ఫిర్యాదులు, వివాదాలు

2022 నవంబరులో తుమకూరులో నొప్పులతో వచ్చిన ఒక తమిళ మహిళను, ఆధార్, తాయి కార్డు లేవని జిల్లా ఆసుపత్రిలో చేర్చుకోలేదు. ఇంటికి తిరిగి వెళ్లాక ఆమె, కవల పిల్లలు చనిపోయారు. వైద్యురాలిని, నర్సులను సస్పెండ్ చేశారు. అత్యవసర కాన్పుకు ఏ కాగితమూ అడగకూడదని అప్పటి ఆరోగ్య మంత్రి కె. సుధాకర్ ప్రకటించాల్సి వచ్చింది. 2024 నవంబరులో బళ్లారిలో మూడు రోజుల వ్యవధిలో సిజేరియన్లు చేయించుకున్న ఐదుగురు తల్లులు ఆ తర్వాత మరణించారు. నరానికి ఎక్కించిన సెలైన్ ద్రవం మీద అనుమానం పడి, దాన్ని సరఫరా చేసిన కంపెనీని రాష్ట్రం నిషేధిత జాబితాలో పెట్టింది. సురక్షితమని అలవాటైన ఆపరేషన్ ఎన్ని విడి విడి గొలుసుల మీద ఆధారపడి ఉందో ఆ ఘటన చూపింది.

ఫిర్యాదుకు కర్ణాటకలో ఉన్న ప్రధాన సాధనం 2007 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం. ప్రసూతి ఆసుపత్రులు దాని పరిధిలోనే ఉన్నాయి. 2017 సవరణ రోగుల హక్కుల పత్రాన్ని, డిప్యూటీ కమిషనర్ అధ్యక్షతన జిల్లా ఫిర్యాదుల పరిష్కార వ్యవస్థను చేర్చింది. ఆ బిల్లు మొదటి రూపంపై ప్రైవేటు వైద్యులు నవంబరులో రాష్ట్రమంతా సమ్మె చేయడంతో కొన్ని కఠిన నిబంధనలు తొలగాయి. అత్యవసర చికిత్సకు ముందస్తు డబ్బు అడగరాదన్నది, బిల్లు బాకీ ఉందని మృతదేహాన్ని ఆపరాదన్నది నిలిచాయి. ఆంధ్రప్రదేశ్‌కు ఇలాంటి చట్టం 2002 నుంచి ఉంది. దీనికి తోడు వినియోగదారుల కమిషన్, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ దారులున్నాయి.

కాన్పుల గదిలో తిట్టడం, చెంప మీద కొట్టడం, అడగకుండా కోయడం వంటి వాటిని విడి నేరంగా చెప్పే చట్టం భారతదేశంలో లేదు. వెనిజులా 2007లో దాన్ని ప్రసూతి హింస అని పేరు పెట్టి చట్టంలో రాసింది, అర్జెంటీనా 2009లో ఆ దారి పట్టింది. బెంగళూరులో ఫిర్యాదు చేసే స్త్రీ దాన్ని వైద్య నిర్లక్ష్యం గానో, సేవా లోపం గానో రాయాలి. నిర్లక్ష్యానికి గాయం చూపాలి, సేవా లోపానికి బిల్లు చూపాలి. ఉచితంగా సేవ పొందిన ప్రభుత్వ ఆసుపత్రి తల్లి దగ్గర ఆ బిల్లు ఉండదు. వైద్య సేవలను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చిన 1995 తీర్పు అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను ఆ పరిధి నుంచి తప్పించింది.